సైకిలుకు మీటరు లేదు, లెక్క మనమే రాయాలి

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమంటే మనలో చాలామందిమి చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో, తల్లిదండ్రుల త్యాగం గురించో రాస్తాం. అవి రాయవలసినవే. ఈసారి మేము మాత్రం సైకిలు గురించి రాస్తున్నాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నవ్వకండి. హాస్టల్ వెనుక గోడకు ఆనించి, చైను తుప్పు పట్టి, ట్యూబుల్లో గాలి లేక, సీట్ల మీద కాకి రెట్టలతో నిలబడ్డ సైకిళ్ళను ఒకసారి చూసి వచ్చి ఆ తర్వాత చదవండి. అవి ఎవరో పారేసినవి కావు. మన అవ్వలు, బాపులు కైకిలికి పోయి తెచ్చిన పైసలతో కొన్నవి. కైకిలు, సైకిలు అని ప్రాస కోసం అనడం లేదు. పత్తి ఏరిన కూలీ పైసలు సీజనంతా కూడబెడితే వచ్చిన సైకిళ్ళు అందులో ఉన్నాయి.

మేమంటే ఇదే హాస్టల్లో ఒక గదిలో ఉండి 2020 నుంచి 2023 దాకా డిగ్రీ చదివిన నలుగురం. నలుగురి ఇండ్లలోనూ డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే. ముగ్గురం వరంగల్ పోయి పీజీ పూర్తి చేశాం. ఒకడు డిగ్రీతో ఆపి మంచిర్యాలలో ప్రైవేటు ఉద్యోగంలో చేరి, ఏడాది తిరిగేసరికి పాత కారు ఒకటి కొన్నాడు. ఈ నాలుగేండ్లలో మా కాళ్ళు ఎంత తిరిగాయి, ఇంజన్లు ఎంత తిరిగాయి అనే లెక్క మా దగ్గర ఉంది. ఆ లెక్క ఎందుకు రాశాం, అందులో ఏం కనబడింది, మీరూ ఎందుకు రాయాలి అన్నదే ఈ వ్యాసం.

కారు ఎంత నడిచిందో కారే చెబుతుంది. స్టీరింగు ముందు మీటరు ఉంటుంది. ఆ అంకె చూసి సర్వీసింగు చేస్తారు, ఆ అంకె చూసే అమ్మకం ధర కడతారు. పెట్రోలు బంకులో రసీదు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, టోల్ గేటు, ఇలా అడుగడుగునా దాని లెక్క ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. సైకిలుకు ఇవేవీ లేవు. అది తిరిగిన దూరం తొక్కినవాడి పిక్కలకు తప్ప ఇంకెవరికీ తెలియదు. 2011 జనగణనలో దేశంలో వంద ఇండ్లకు దాదాపు 45 ఇండ్లలో సైకిలు ఉందని తేలింది. స్కూటరో మోటారు సైకిలో ఉన్నవి 21, కారున్నవి ఐదు లోపు. అంతకు పదేండ్ల ముందు, 2001లో, సైకిలు 44 ఇండ్లలో, మోటారు బండి 12 ఇండ్లలో, కారు రెండున్నర ఇండ్లలో ఉండేవి. అంటే పదేండ్లలో సైకిళ్ళు ఉన్న దగ్గరే ఉన్నాయి, మోటారు బండ్లూ కార్లూ దాదాపు రెట్టింపయ్యాయి. కానీ ఇవి ఇంట్లో ఉన్న వస్తువుల వరుసలో రేడియో, టీవీలతో పాటు రాసిన అంకెలు. గోడకు ఆనించిన సైకిలు, రోజూ తిరిగే సైకిలు ఆ వరుసలో ఒకటే.

2021 సెప్టెంబరులో, కరోనా తర్వాత కాలేజీలు తెరిచినప్పుడు, ఒక లాంగ్ నోటుబుక్కులో ఐదు గళ్ళు గీశాం. సైకిలు, బస్సు లేక ఆటో, మోటారు బండి, కారు, ఖర్చయిన పైసలు. రాత్రి మెస్సులో అన్నం తిన్నాక ఎవరి వరుస వాళ్ళు నింపాలి. మొదట ఇది నలుగురి మధ్య పందెం. ఓడినవాడు ఆదివారం చాయ తాగించాలి. మరి సైకిలుకు మీటరు లేదు కదా, దూరం ఎలా తెలిసింది అంటారేమో. ట్యూబు వాల్వు నేలకు దగ్గరగా వచ్చిన చోట సుద్దతో గీత గీసి, మళ్ళీ వాల్వు కిందికి వచ్చే దాకా నడిపిస్తే ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం సుమారు రెండుంపావు మీటర్లు పోతుంది. కిలోమీటరుకు దాదాపు నాలుగు వందల యాభై చుట్లు. ఒక్కో తొవ్వను ఒకసారి కొలిస్తే చాలు, తర్వాత ఎన్నిసార్లు పోయామో రాస్తే సరిపోతుంది. నాలుగు వందల యాభై దాకా మనసులో లెక్కపెట్టుకుంటూ తొక్కడం ఎంత విసుగో చేసి చూస్తే తెలుస్తుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటికి. పెద్ద రోడ్డు మీద కిలోమీటరు రాళ్ళున్న చోట ఆ బాధ తప్పింది. తర్వాత ఫోనులో మ్యాపు చూసి సరిపోల్చుకుంటే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మొదటి ఏడాది ఒక్కొక్కరి సగటు ఇలా ఉంది: సైకిలు మీద 1,880 కిలోమీటర్లు, బస్సు, ఆటోల్లో 720, మోటారు బండి మీద 140, కారులో 40. ఆ నలభై కూడా ఒక పెళ్ళికి పోయి వచ్చినవే. రెండో ఏడాది మాలో ఒకరి అన్న తన పాత మోటారు బండిని హాస్టల్లో వదిలిపోయాడు. ఒక్క బండి, నలుగురం. ఏడాది చివర లెక్క కూడితే సైకిలు 1,310కి పడిపోయింది, మోటారు బండి 690కి పెరిగింది. బస్సు మాత్రం 760, అంటే ఏమీ తగ్గలేదు. ఇక్కడే మేము ఆగి ఆలోచించాం. మోటారు బండి వస్తే దూర ప్రయాణాలు సులువవుతాయని కదా అందరం అనుకునేది? మా నోటుబుక్కులో అది మింగింది దూరాలను కాదు. జిరాక్సుకు పోవడం, బస్టాండు దగ్గర చాయకు పోవడం, కూరగాయలకు పోవడం, ఇలాంటి మూడు కిలోమీటర్ల లోపు పనులన్నీ అదే మింగింది. ఇంటికి పోవాలంటే ఎప్పటిలాగే బస్సు ఎక్కాం. నడిచిపోయే దూరానికి బండి, బండి మీద పోవలసిన దూరానికి బస్సు. పైగా బండి ఉంది కదా అని పని లేని తిరుగుళ్ళు వచ్చి చేరాయి.

మూడో ఏడాది వరంగల్‌లో సైకిలు 240కి వచ్చింది. నాలుగో ఏడాది ముగ్గురి సగటు 70. కారు కొన్నవాడి సైకిలు గడిలో సున్నా, కారు గడిలో 8,400.

ఈ అంకెల్లో మా జిల్లా వాతావరణం కూడా కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల గళ్ళు సన్నబడతాయి. నలభై అయిదు డిగ్రీల ఎండలో హ్యాండిల్ పట్టుకుంటే చేతులు కాలతాయి. డిసెంబరు, జనవరిలో సిర్పూర్(యు), తిర్యాణి వైపు చలి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, అయినా ఆ నెలల్లోనే మేము ఎక్కువ తొక్కాం. జులై, ఆగస్టుల్లో వాగులు పొంగితే సైకిలు, కారు ఒకటే, ఇటు ఒడ్డున నిలబడవలసిందే. కెరమెరి ఘాటు ఎక్కేటప్పుడు సైకిలు మనల్ని మోయదు, మనమే దాన్ని మోస్తాం. వీటన్నిటికీ పైన ఇంకొకటి ఉంది. 2020 నవంబరులో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరిని పులి చంపింది. ఆ తర్వాతి ఏడాది మేము లెక్క మొదలుపెట్టినప్పుడు కూడా, అడవి తొవ్వలో ఇల్లున్న మా గదిమిత్రుడు పొద్దుగూకే వేళ సైకిలు తీయలేదు. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పని చేస్తున్న మహిళను మళ్ళీ పులి చంపింది. సైకిలు తొక్కితే ఆరోగ్యం అని పట్నం పత్రికల్లో రాసేవాళ్ళ లెక్కల్లో పులి ఉండదు. మన లెక్కలో ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తే, వేగం. సైకిలు మీద పోతే ఆలస్యం, కారు అయితే నిమిషాల్లో అంటారు. ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు 1974లో ఎనర్జీ అండ్ ఈక్విటీ అనే చిన్న పుస్తకంలో ఒక లెక్క కట్టాడు. అమెరికాలో సగటు మగవాడు కారు నడపడానికి, దాన్ని నిలపడానికి, దాని వాయిదాలు, పెట్రోలు, ఇన్సూరెన్సు, పన్నులకు సరిపడా సంపాదించడానికి కలిపి ఏడాదికి 1,600 గంటలకు పైగా పెడుతున్నాడు. తిరిగేది 7,500 మైళ్ళు. అంటే గంటకు అయిదు మైళ్ళ లోపు! ఇది చదివి మేమూ మా నోటుబుక్కు తీశాం. మా స్నేహితుడి జీతం నెలకు 18,000. కారు వాయిదా, పెట్రోలు, ఇన్సూరెన్సు, రిపేర్లు కలిపి నెలకు 9,500 దాకా పోతోంది. ఇరవై ఆరు పనిదినాల్లో పదమూడు రోజులకు పైగా అతను కారు కోసం పని చేస్తున్నాడన్న మాట. రోజుకు తొమ్మిది గంటలు వేసుకుంటే 120 గంటలు. నడపడానికి ఇంకో 25 గంటలు. మొత్తం 145 గంటలకు 700 కిలోమీటర్లు. గంటకు అయిదు కిలోమీటర్లు కూడా రాలేదు. మా ఊరి నుంచి సంతకు తట్ట నెత్తిన పెట్టుకుని నడిచే అవ్వల వేగం అది.

సైకిలుకూ అదే లెక్క కట్టాం. సైకిలు ధర 6,000, ఆరేండ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి వెయ్యి. టైర్లు, ట్యూబులు, పంక్చర్లు, బ్రేకు రబ్బర్లు మరో ఆరు వందలు. బాపు కైకిలి రోజుకు 400 అనుకుంటే నాలుగు రోజుల పని, ముప్పై రెండు గంటలు. 1,880 కిలోమీటర్లు గంటకు పన్నెండు చొప్పున తొక్కడానికి 157 గంటలు. రెండూ కలిపితే 189. గంటకు పది కిలోమీటర్ల లెక్క తేలింది. కారుకు రెట్టింపు. కారులో నలుగురు ఎక్కితే లెక్క మారుతుందని మా స్నేహితుడు వాదించాడు, ఆ మాట నిజమే. అయితే అతని కారులో ఎక్కువ రోజులు అతనొక్కడే ఉన్నాడు. మా సైకిలు మీద మాత్రం చాలా రోజులు ఇద్దరం ఉన్నాం.

ఇంత చెప్పినా కారు వద్దని మేము అనలేం. ఒక వానాకాలం రాత్రి అతను వాళ్ళ అవ్వను మంచిర్యాల ఆసుపత్రికి తెచ్చింది ఆ కారులోనే. 108 వచ్చే దాకా ఆగలేని రాత్రులు ఉంటాయి. అది ఒక సంగతి. రెండో సంగతి ఇంకా లోతైనది, లెక్కలకు లొంగనిది. 1901లో చిన్నపిల్లవాడిగా అంబేడ్కర్ కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రిని చూడబోతూ మసూర్ స్టేషనులో దిగితే, కులం తెలిశాక ఒక్క ఎద్దుబండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకుంటామంటే ఒకడు ఒప్పుకుని బండి వెంట నడిచాడు. పెద్ద బారిస్టరు అయిన తర్వాత కూడా, 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు ఆయనను తీసుకుపోవడానికి నిరాకరించారు. వాడకట్టు మనుషులే తోలడం రాకపోయినా టాంగా తోలారు, కల్వర్టు దగ్గర ప్రమాదం జరిగి ఆయన కాలు విరిగింది. వెయిటింగ్ ఫర్ ఏ వీసాలో ఈ రెండు సంఘటనలూ ఉన్నాయి, మన లైబ్రరీలో చదవని వాళ్ళుంటే చదవండి. మన తాతల కాలంలో దొరల గడీ ముందు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవలసి వచ్చేదని మనం వినే ఉన్నాం. అలాంటి చరిత్ర ఉన్నవాడు సొంత కారు కొని, అద్దాలు దించి, ఊరి నడి బజారులోంచి నెమ్మదిగా నడిపితే అందులో కిలోమీటర్లు ఎన్ని, పైసలు ఎన్ని అని అడగడం అన్యాయం. అతను పోతున్నది ఆ దూరం కాదు. మా స్నేహితుడు కారు కొన్న రోజు మేమందరం కొబ్బరికాయ కొట్టాం, అందుకు మాకు సంతోషమే.

మా బాధ వేరే. ఆ గౌరవం సైకిలును తక్కువ చేసి తెచ్చుకోవాలా? ఇప్పుడు మన హాస్టల్లో ఇంటర్ చదివే తమ్ముళ్ళు సైకిలు మీద పోవడానికి సిగ్గుపడుతున్నారు. ఇంటికి ఫోను చేసి బండి కొనివ్వమని అలుగుతున్నారు. ఫైనాన్సులో బండి తీసి, వాయిదా కట్టలేక, బండి పోయి, అప్పు మిగిలిన ఇండ్లు మా ఎరుకలో ఉన్నాయి. పెట్రోలు 2021లో లీటరు వంద దాటింది, ఆ తర్వాత మళ్ళీ మన దగ్గర వంద లోపుకు రాలేదు. కడియం అమ్మిన అవ్వ ముందు నిలబడి ఆ బండి వేగం ఎంతో లెక్క కట్టి చూడండి.

చెల్లెళ్ళ సంగతి ఇంకా ఆలోచించవలసింది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991–92లో అక్షరాస్యత ఉద్యమం చదువుతో పాటు సైకిలు నేర్పింది. వేలాది మంది పల్లె మహిళలు, కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు సైకిళ్ళెక్కారు. బస్సు కోసం, మొగుడి కోసం, అన్న కోసం చూడకుండా తమ పని తాము చేసుకున్నారు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఆ పథకాన్ని పరిశీలించిన కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు హైస్కూల్లో అమ్మాయిల చేరికలు 32 శాతం పెరిగాయని, అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. బడి మూడు కిలోమీటర్లు దాటిన ఊర్లలోనే ఎక్కువ ఫలితం కనిపించింది. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది. చాలా మంచి పని. కానీ బస్సు రోడ్డు మీద దింపుతుంది. రోడ్డు నుంచి గూడేనికి, తండాకు, వాడకు మూడు నాలుగు కిలోమీటర్లు ఎవరు దింపాలి? (మన ఊరి పేరు పెట్టుకున్న రైలు స్టేషనే మన ఊర్లో లేదు. ఆసిఫాబాద్ రోడ్ అంటారు, అక్కడ దిగితే ఆసిఫాబాద్ పోయే రోడ్డు దొరుకుతుందని.) ఆ మూడు నాలుగు కిలోమీటర్ల దగ్గర చెల్లెలికి సొంత సైకిలు ఉందా, తమ్ముడి బండి కోసం ఎదురు చూడాలా అన్న దాని మీద స్పెషల్ క్లాసులు, ట్యూషను, లైబ్రరీ అన్నీ ఆధారపడి ఉంటాయి.

ఇక్కడే లెక్క అవసరం వస్తుంది. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకును 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలారు పలకల కప్పు, రాత్రి లైట్లు. ఎండా వానా తగలదు. అక్కడ తొక్కేవాళ్ళలో ఎక్కువమంది కార్ల వెనుక సైకిళ్ళు కట్టుకుని వస్తారు. వ్యాయామం చేసి మళ్ళీ కారెక్కి పోతారు. తప్పని మేము అనం. మన దగ్గర మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ మీదుగా వాంకిడి దాటి మహారాష్ట్రలోకి పోయే 363 నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేశారు. అదీ మంచిదే. ఆ రోడ్డు మీద లారీల పక్కనుంచి బడికి పోయే పిల్లకు ఎంత జాగా ఉంది? 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అధికారుల ముందుకు పోయి పిల్లలు సైకిళ్ళ మీద పోతున్నారు, అంచున జాగా ఇవ్వండి, మలుపు దగ్గర లైటు పెట్టండి అని అడిగితే మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎంతమంది? లారీల సంఖ్య వాళ్ళ దగ్గర టోల్ గేటు లెక్కతో సహా ఉంటుంది. సైకిళ్ళ సంఖ్య మన దగ్గర కూడా లేదు. మెస్సులో బియ్యానికి, నూనెకు, గుడ్లకు రిజిస్టరు ఉంది. రోజూ ఇరవై నిమిషాలు ప్రాణం అరచేతిలో పెట్టుకుని పోయే దానికి రిజిస్టరు లేదు.

అందుకని వార్డెన్ సారును అడిగి, ఈ జూన్ నుంచి హాస్టల్లో ఒక సైకిలు రిజిస్టరు పెట్టే ఏర్పాటు చేశాం. అమ్మాయిల హాస్టల్లోనూ ఒకటి ఉంటుంది. మా పాత నోటుబుక్కు మాదిరిగానే అయిదు గళ్ళు, ఆరో గడి కొత్తది. ఆ రోజు తొవ్వలో ఏ చోట భయమేసిందో అందులో రాయాలి. లారీ కావచ్చు, కుక్కలు కావచ్చు, గుంత కావచ్చు, మనుషులు కావచ్చు. ఏడాది తర్వాత ఒకే చోటు పేరు ఎన్నిసార్లు వచ్చిందో కూడితే ఎక్కడ లైటు కావాలో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. దూరం కొలవడం రానివాళ్ళకు ఆదివారం ఉదయం సుద్దముక్క పట్టుకుని మేమే చూపిస్తాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ప్రతి వార్షికోత్సవానికి మీరు శాలువాలు, మెమెంటోలు తెస్తున్నారు, సంతోషం. ఈసారి అవి మాని ఒక గాలి పంపు, ఒక సెట్టు పానలు, పది ట్యూబులు, ప్యాచులు, సొల్యూషను తెండి. గోడకు ఆనించిన సైకిళ్ళలో సగానికి పైగా వందా రెండు వందల ఖర్చుతో లేచి నిలబడతాయని బస్టాండు దగ్గరి పంక్చర్ షాపు మామ చూసి చెప్పాడు. పని మేము చేసుకుంటాం, సామాను కావాలి.

కార్లలో వచ్చేవాళ్ళకు ఇంకొక చిన్న పని ఉంది. లోపలికి వచ్చేటప్పుడు మీ కారు మీటరు మీద ఉన్న అంకె చూసి గేటు దగ్గర రాయండి. వచ్చే ఏడాది వచ్చినప్పుడు మళ్ళీ రాయండి. పక్క గడిలో, ఈ ఏడాదిలో సైకిలు ఎన్నిసార్లు ఎక్కారో రాయాలి. సున్నా అయితే సున్నానే రాయవచ్చు, ఎవరూ నవ్వరు. వాచ్‌మెన్ కుర్చీ పక్కన స్టూలు మీద పుస్తకం, దారంతో కట్టిన పెన్ను ఉంటాయి.